సీసా మీది చిన్నక్షరాలు

పరీక్ష నాళికలో ఊదారంగు ఎంతకీ పోలేదు. పది నిమిషాలు చూశాను. అరగంట చూశాను. గంట తర్వాత కూడా, కలిపినప్పుడు ఎంత చిక్కగా ఉందో అంతే చిక్కగా ఉంది.

ఈ పరీక్ష తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. డీపీపీహెచ్ అనే రసాయనాన్ని ఇథనాల్‌లో కరిగిస్తే ముదురు ఊదారంగు వస్తుంది. దాంట్లో యాంటీఆక్సిడెంట్ ఏదైనా వేస్తే, అది తన దగ్గరున్న హైడ్రోజన్ పరమాణువుని డీపీపీహెచ్‌కి ఇచ్చేస్తుంది. ఇచ్చేకొద్దీ ఊదారంగు విరిగి లేత పసుపులోకి దిగుతుంది. ఎంత విరిగిందో స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. పరిశోధనలో చేరిన కొత్తలో నేర్పే మొదటి పరీక్షల్లో ఇదొకటి. ఇందులో తప్పు జరగడానికి పెద్దగా చోటు ఉండదు.

నా పని ఇంకా సులువు. వేరే నమూనాలని పోల్చి చూడడానికి విటమిన్ ఇ తో ఒక ప్రామాణిక రేఖ గీయాలి, అంతే. ఫ్రిజ్‌లోంచి గోధుమరంగు సీసా తీశాను. దాని మీద పెద్దక్షరాల్లో "విటమిన్ ఇ" అని ఉంది. మూత తీస్తే లోపల లేత పసుపు నూనె, తేనెలా సాగుతోంది. పిపెట్‌తో పీల్చబోతే టిప్‌లోకి సగమే ఎక్కింది, ఎక్కిన దాంట్లో సగం టిప్ గోడలకే అంటుకుపోయింది. కొలతలో తేడా వస్తుందని దాన్ని పక్కన పెట్టి తూకం వేసి తీసుకున్నాను. ఇథనాల్‌లో చక్కగా కరిగింది. డీపీపీహెచ్‌లో వేశాను. రంగు మారలేదు.

డీపీపీహెచ్ పాడైందేమోనని కొత్తది చేశాను. ఇథనాల్ మార్చాను. మోతాదు రెండింతలు చేశాను, పదింతలు చేశాను. మూడు రోజులు ఇదే పని. నాలుగో రోజు టెన్షన్ తట్టుకోలేక మా గైడ్ దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. ఆవిడ నోట్‌బుక్ తెరవలేదు. సీసా తెమ్మన్నారు.

"కింద చిన్నక్షరాల్లో ఏముందో చదువమ్మా."

"డిఎల్-ఆల్ఫా-టోకోఫెరిల్ ఎసిటేట్ అని ఉంది మేడమ్."

"టోకోఫెరాల్ అని ఉందా?"

"లేదు మేడమ్."

"మరి నీ డీపీపీహెచ్‌కి హైడ్రోజన్ ఎక్కడినుంచి వస్తుంది?"

ఇది జరిగి చాలా ఏళ్లయింది. అప్పటినుంచి ఈ అణువుతోనే పని చేస్తున్నాను. జంతువుల దాణాలో కలిపాను, కణాల మీద వేశాను, రక్తంలో కొలిచాను. ఆ రోజు మేడమ్ అడిగిన ప్రశ్న నాకిప్పుడు ఒక పరీక్ష నాళికకి సంబంధించినదిగా అనిపించదు. విటమిన్ ఇ గురించి జరిగే సగం వాదనలు ఈ ప్రశ్న అడగకపోవడం వల్లే పుడుతున్నాయని నా నమ్మకం. క్యాప్సూల్ పెట్టె మీదైనా, పరిశోధన పత్రంలోనైనా, వార్తలోనైనా "విటమిన్ ఇ" అని రాసి వదిలేయడం చాలదు. ఏ రూపమో చెప్పాలి, ఎంతో చెప్పాలి, ఏ దారిన ఒంట్లోకి వెళ్లిందో చెప్పాలి. ఈ మూడూ లేకపోతే ఆ మాట సమాచారం కిందకి రాదు.

ముందు ఆ అణువు సంగతి. విటమిన్ ఇ అసలు రూపమైన ఆల్ఫా టోకోఫెరాల్‌కి ఒక తల, ఒక తోక ఉంటాయి. తోక పొడవాటి కార్బన్ గొలుసు. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో అది కుదురుకుని కూర్చోవడానికి ఈ తోకే కారణం. తల రెండు వలయాల కట్టు, దాని అంచున ఒక ఆక్సిజన్, ఆ ఆక్సిజన్‌కి ఒక హైడ్రోజన్. కొవ్వు పొరలో గొలుసుకట్టుగా సాగే ఆక్సీకరణని ఆపేది ఈ ఒక్క హైడ్రోజనే. ఆ ఆక్సీకరణని నడిపే ఫ్రీ రాడికల్ అనే చురుకైన అణువు ఎదురైతే దానికి టోకోఫెరాల్ ఈ హైడ్రోజన్‌ని అందిస్తుంది, అక్కడితో గొలుసు తెగుతుంది.

అయితే రాడికల్‌కి అంత తేలిగ్గా హైడ్రోజన్ ఇచ్చే అణువు గాలికి కూడా నిలవదు. టోకోఫెరాల్ సీసా మూత తీసి ఉంచితే కొన్నాళ్లకి నూనె ముదురు గోధుమరంగులోకి మారిపోతుంది. అందుకని రసాయన శాస్త్రవేత్తలు ఆ హైడ్రోజన్ ఉన్నచోట ఎసిటిక్ ఆమ్లాన్ని అతికించారు. దాన్నే ఎస్టర్ అంటాం. ఇప్పుడు ఇవ్వడానికి హైడ్రోజన్ లేదు కాబట్టి గాలి కూడా దాన్ని ఏమీ చేయలేదు. నెలల తరబడి అలమరలో ఉన్నా చెక్కుచెదరదు. క్యాప్సూళ్లలో, క్రీముల్లో, పశువుల దాణాలో, లాబొరేటరీ ఎలుకల ఆహారంలో ఎక్కువగా ఈ ఎసిటేటే ఉండడానికి కారణం ఇదే. ప్రపంచమంతటా లాబొరేటరీల్లో ఎలుకలకి పెట్టే ఏఐఎన్-93 అనే ప్రామాణిక ఆహారంలో కూడా కిలోకి 75 అంతర్జాతీయ యూనిట్ల చొప్పున కలిపేది దీన్నే.

ఎసిటేట్ మోసం అని నేను అనడం లేదు. మింగినవాళ్లలో చాలామందికి అది బాగానే పనిచేస్తుంది. క్లోమం నుంచి వచ్చే ఒక ఎంజైమ్, పైత్యరసం సాయంతో, చిన్నపేగులో ఆ ఎసిటిక్ ఆమ్లాన్ని కోసేస్తుంది. విడివడిన టోకోఫెరాల్ కొవ్వుతో కలిసి పేగు గోడలోకి, అక్కడినుంచి కాలేయానికి చేరుతుంది. అంటే మింగేది ఎసిటేట్, ఒంటికి అందేది టోకోఫెరాల్. కానీ ఈ మార్పు జరగాలంటే ఆ ఎంజైమ్ ఉండాలి, పైత్యరసం ఉండాలి. నా పరీక్ష నాళికలో రెండూ లేవు. అందుకే మూడు రోజులు కాదు, మూడు నెలలు పెట్టినా ఊదారంగు పోయేది కాదు.

మేడమ్ ఆ రోజే నా చేత ఇంకో పని చేయించారు. అదే సీసాలోంచి కాస్త నూనె తీసి, విటమిన్ సి కలిపిన క్షార ద్రావణంలో వేడి చేశాను. క్షారం ఎస్టర్‌ని విడగొడుతుంది, విటమిన్ సి ఆ విడివడిన టోకోఫెరాల్‌ని ఆక్సీకరణ నుంచి కాస్తుంది. చల్లారాక హెక్సేన్ పోసి కుదిపితే నూనె భాగం పైకి తేలింది. దాన్ని మాత్రమే తీసి, నీళ్లతో కడిగి, నైట్రోజన్ గాలి కింద ఆరబెట్టి, ఇథనాల్‌లో కరిగించి డీపీపీహెచ్‌లో వేశాను. కళ్ల ముందే ఊదా పలచబడి పసుపైంది. సీసా అదే, నూనె అదే. అప్పటిదాకా పుస్తకంలో చదివిన ఎస్టర్ అనే మాట ఆ రోజు నాకు అర్థమైంది.

ఇక ఒంట్లోకి వెళ్లే దారులు. పేగు దారి చూశాం. దాంట్లో కూడా అందరికీ ఒకేలా జరగదు. పుట్టుకతోనే పైత్యరసం సరిగా పారని పిల్లలుంటారు. వాళ్లకి మామూలు రూపాలు ఎంత ఇచ్చినా ఒంటికి సరిగా పట్టవు. లోపం అలాగే సాగితే నరాలు దెబ్బతింటాయి, నడక తడబడుతుంది. వాళ్ల కోసం టీపీజీఎస్ అనే ఇంకో రూపం ఉపయోగపడింది. టోకోఫెరాల్‌కి సక్సినిక్ ఆమ్లం, దానికి పాలిఇథిలీన్ గ్లైకాల్ గొలుసు కలిపి చేస్తారు. ఇది నీళ్లలో కలుస్తుంది, పైత్యరసం లేకపోయినా పేగులోంచి లోపలికి వెళ్తుంది. అలాంటి బిడ్డ తల్లిదండ్రులకి "విటమిన్ ఇ ఇవ్వండి" అని మాత్రమే చెప్పి పంపితే ఏమవుతుందో ఆలోచించండి. ఏ రూపమన్నదే అక్కడ వైద్యం.

చర్మం దారి వేరు. ఒకసారి మా పిన్ని ఫోన్ చేసి, "అమ్మాయ్, విటమిన్ ఇ క్యాప్సూల్‌ని సూదితో గుచ్చి ఆ నూనె మొహానికి రాసుకుంటే మచ్చలు పోతాయంటున్నారు, నువ్వు అదే పని మీద ఉన్నావు కదా, నిజమేనా?" అని అడిగింది. పెట్టె వెనక ఏముందో చదవమన్నాను. ఎసిటేట్ అని చదివింది. "పిన్నీ, అది పేగులో విడివడాల్సిన మందు. చర్మం మీద అది మెల్లగా, కొంచెం కొంచెమే విడివడుతుంది. పైగా కొందరికి దద్దుర్లు వస్తాయి" అన్నాను. ఎసిటేట్ కాకుండా అసలు విటమిన్ ఇ రాసినా మచ్చలకి లాభం ఉంటుందన్న నమ్మకం లేదు. శస్త్రచికిత్స మచ్చల మీద 1999లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, 15 మందిలో చాలామందికి తేడా కనపడలేదు, లేదా మచ్చ ఇంకా అసహ్యంగా తేలింది. మూడోవంతు మందికి చర్మం ఎర్రబడి దురద పెట్టింది. ఇది కూడా చెప్పాను. పిన్ని కాసేపు ఆగి, "మరి ఈ ముక్క ఎవరూ చెప్పరేంటి?" అంది. నిజమే, ఎవరూ చెప్పరు.

కణాల పళ్లెం ఇంకో దారి. పరిశోధకులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. కణాల్ని పెంచడానికి రోజూ వాడే పోషక ద్రవాలు, అంటే కల్చర్ మీడియంలు, చాలావాటిలో విటమిన్ ఇ ఉండదు. అందుకని బయటినుంచి వేస్తాం. ఇథనాల్‌లో కరిగించిన ఎసిటేట్ చుక్కని మీడియంలో వేస్తే పడిన చోట తెల్లగా పాలలా మసకబారుతుంది. నూనె నీళ్లలో కలవనని మొరాయించడమే అది. సీరం ఉంటే కాస్త సర్దుకుంటుంది. సరే, కణాల మీదికి చేరిందనుకుందాం. కణంలో క్లోమం ఎంజైమ్ లేదు. తనకున్న వేరే ఎస్టరేజ్ ఎంజైమ్‌లతో ఎంత విడగొట్టగలదో అంతే. కాలేయ కణాలు ఒకలా చేస్తాయి, వేరే కణాలు ఇంకోలా చేస్తాయి. నేనొకసారి 24 గంటల తర్వాత కణాల్ని గీకి, హెక్సేన్‌లోకి తీసి, మిశ్రమంలోని పదార్థాల్ని వేరు చేసి ఒక్కోదాన్ని ఒక్కో శిఖరంగా (పీక్) చూపించే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెట్టాను. ముందు టోకోఫెరాల్ పీక్ రావాలి, తర్వాత ఎసిటేట్ పీక్. వచ్చాయి. మొదటిది నేలమీద గడ్డిపరకంత, రెండోది దాని పక్కన తాటిచెట్టంత. ఆ కణాల మీద "విటమిన్ ఇ పనిచేయలేదు" అని నేను రాసి ఉంటే అది అబద్ధమయ్యేది. విటమిన్ ఇ అక్కడ దాదాపు లేనేలేదు.

మెదడు కణాలు పెంచేవాళ్లు వాడే బి-27 అనే మిశ్రమంలో టోకోఫెరాల్, దాని ఎసిటేట్ రెండూ ఉంటాయి. మీడియం 199 అనే పాత మీడియంలో లీటరుకి 0.01 మిల్లీగ్రాముల టోకోఫెరాల్ ఫాస్ఫేట్ ఉంటుంది. అంటే "విటమిన్ ఇ వేయని" కంట్రోల్ పళ్లెంలో కూడా ఏదో ఒక రూపం ముందే ఉండొచ్చు. మీడియం పేరు చూసి సరిపెట్టుకోకుండా దాని పట్టిక చదవాలి.

అన్నిటికన్నా గట్టి ఉదాహరణ సక్సినేట్. ఎసిటిక్ ఆమ్లం బదులు సక్సినిక్ ఆమ్లం అతికిస్తే వచ్చే రూపం ఇది. చూడ్డానికి పొడిగా, తెల్లగా ఉంటుంది, మాత్రల తయారీకి అనువు. 1982లో కేదార్ ప్రసాద్ బృందం దీన్ని మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల మీద వేసి చూసింది. కణాల ఆకారం మారింది, పెరుగుదల తగ్గింది. మామూలు టోకోఫెరాల్ ఆ పని చేయలేదు. తర్వాతి ఏళ్లలో తేలిందేమిటంటే, క్యాన్సర్ కణాన్ని చంపేది విడగొట్టని, మొత్తంగా ఉన్న సక్సినేటే. కణం దాన్ని విడగొట్టి టోకోఫెరాల్‌గా మారిస్తే ఆ గుణం పోతుంది. ఎసిటేట్ విషయంలో ఎస్టర్ విడివడితేనే పని జరుగుతుంది. సక్సినేట్ విషయంలో విడివడకపోతేనే జరుగుతుంది. పైగా అది యాంటీఆక్సిడెంట్‌గా చేసే పని కాదు. మైటోకాండ్రియాలోని శ్వాస యంత్రాంగాన్ని దెబ్బతీసి, రాడికల్స్‌ని పెంచి కణాన్ని చంపుతుంది. ఈ రెండిటినీ "విటమిన్ ఇ" అనే ఒకే పేరు కింద రాసి, "విటమిన్ ఇ క్యాన్సర్ కణాలని చంపింది" అని ప్రకటిస్తే, ఎసిటేట్ క్యాప్సూల్ మింగే రోగి ఏమనుకోవాలి? నాకు ఈ విషయంలో కోపం వస్తుంది, దాచుకోను. పైగా సక్సినేట్‌ని నోటితో తీసుకుంటే పేగులోనే విడిపోయి మామూలు టోకోఫెరాల్ అయిపోతుంది. పళ్లెంలో కనపడిన గుణం పేగు దాటి రాదు.

ట్రోలాక్స్ గురించి ఒక్క మాట. టోకోఫెరాల్ తల ఉంచి తోక కోసేసి, ఆ చోట నీళ్లలో కరిగే ఆమ్ల భాగం పెట్టారు. యాంటీఆక్సిడెంట్ కొలతలకి ఇప్పుడు దాదాపు గజంబద్ద అదే. "ఇన్ని ట్రోలాక్స్ యూనిట్లకి సమానం" అని రాస్తుంటారు. ఒక్కొక్క అణువు వెలిగే కాంతిని మైక్రోస్కోప్‌లో చూసేవాళ్లు కూడా ఆ వెలుగు మిణుకుమనకుండా ట్రోలాక్స్ కలుపుతారు. బ్రహ్మాండమైన పనిముట్టు. కానీ తోక లేదు కాబట్టి కొవ్వు పొరలో కూర్చోదు, కాలేయం దాన్ని విటమిన్‌గా గుర్తుపట్టి దాచుకోదు. ట్రోలాక్స్‌తో వచ్చిన ఫలితాన్ని ఆహారంలోని విటమిన్‌కి అంటగట్టకూడదు.

ఈ గందరగోళానికి మూలం కొంత చరిత్రలో ఉంది. 1922లో కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ స్కాట్ బిషప్ ఇద్దరూ ఎలుకల మీద పనిచేస్తూ ఒక సంగతి గమనించారు. అప్పటికి తెలిసిన విటమిన్లన్నీ ఇచ్చినా ఆడ ఎలుకలు గర్భం దాల్చేవి కానీ పిల్లలు నిలిచేవి కావు, గర్భంలోనే కరిగిపోయేవి. కాస్త పచ్చి ఆకు పెడితే మామూలుగా ఈనేవి. 1936లో ఎవాన్స్, ఎమర్సన్ దంపతులు కలిసి గోధుమ మొలక నూనెలోంచి ఆ పదార్థాన్ని వేరు చేశారు. కాన్పుని మోసేది అనే అర్థంలో గ్రీకు మాటలు కలిపి టోకోఫెరాల్ అని పేరు పెట్టారు. 1938లో ఎర్హార్డ్ ఫెర్న్‌హోల్జ్ దాని నిర్మాణం తేల్చాడు, అదే ఏడు పాల్ కారర్ లాబొరేటరీలో తయారు చేశాడు.

లాబొరేటరీలో తయారు చేయడంతో ఇంకో చిక్కు వచ్చింది. తోకలో రెండు చోట్ల, తల తోక కలిసే దగ్గర ఒకచోట, మొత్తం మూడు చోట్ల ఆ అణువు కుడికో ఎడమకో తిరగొచ్చు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. మొక్క ఆ ఎనిమిదింటిలో ఒక్కటే చేస్తుంది. ఫ్యాక్టరీలో ఎనిమిదీ సమానంగా కలిసి వస్తాయి. మన కాలేయంలో ఆల్ఫా టోకోఫెరాల్‌ని పట్టుకుని తిరిగి రక్తంలోకి పంపే ఒక ప్రొటీన్ ఉంది. అది తల దగ్గర సరైన వైపు తిరిగిన నాలుగింటినే ఇష్టపడుతుంది, మిగతా నాలుగూ మెల్లగా బయటికి పోతాయి. పుట్టుకతో ఆ ప్రొటీన్ లోపించినవాళ్లకి విటమిన్ ఇ ఎంత తిన్నా నిలవదు, నడకలో తూలు వస్తుంది. డబ్బా మీద "డి" అని ఉంటే మొక్క రూపం, "డిఎల్" అని ఉంటే ఎనిమిది కలిసిన రూపం. ఒక్క అక్షరం తేడా. చదివేవాళ్లు ఎంతమంది?

ఎలుకల గర్భ పరీక్షతోనే అంతర్జాతీయ యూనిట్ కట్టారు. ఒక మిల్లీగ్రాము డిఎల్ ఎసిటేట్ అంటే ఒక యూనిట్. ఆ లెక్కన మొక్క రూపపు ఎసిటేట్ మిల్లీగ్రాముకి 1.36 యూనిట్లు, ఎస్టర్ లేని మొక్క రూపం 1.49 యూనిట్లు. ఎలుక పిల్లలు నిలిచాయా లేదా అన్నదే కొలత. మనుషుల్లో ఏమవుతుందో తర్వాత డ్యుటీరియం అనే భార హైడ్రోజన్‌తో చూశారు. మొక్క రూపానికి మూడు, ఫ్యాక్టరీ రూపానికి ఆరు భార హైడ్రోజన్లు గుర్తుగా తగిలించి, రెండూ ఎసిటేట్లుగానే ఒకే మనిషికి ఒకేసారి ఇచ్చి, రక్తంలో ఏది ఎంత ఉందో, అణువుల బరువు చూసే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో వేరు చేశారు. మొక్క రూపం దాదాపు రెండింతలు కనపడింది. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది. ఇద్దరు మనుషుల మధ్య తేడాలు అడ్డు రాకుండా, ఒకే ఒంట్లో రెండు రూపాలకీ పోటీ పెట్టడం ఎంత తెలివైన ఆలోచన!

2000లో అమెరికా పోషకాహార నిపుణుల బృందం దీన్ని లెక్కలోకి తీసుకుంది. పెద్దవాళ్లకి రోజుకి 15 మిల్లీగ్రాముల ఆల్ఫా టోకోఫెరాల్ కావాలంది, అందులో కాలేయం నిలుపుకునే రూపాల్నే లెక్కపెట్టమంది. ఇప్పుడు 400 యూనిట్ల క్యాప్సూల్ తీసుకోండి. "డిఎల్" అయితే అందులో 400 మిల్లీగ్రాముల ఎసిటేట్ ఉంటుంది. ఎసిటిక్ ఆమ్లం బరువు తీసేస్తే టోకోఫెరాల్ సుమారు 364. అందులో కాలేయం నిలుపుకునేది సగం, అంటే సుమారు 180. అదే "డి" అయితే 268. పెట్టె మీద రెండిటికీ 400 అనే ఉంటుంది. అమెరికాలో 2016లో నిబంధన మార్చి యూనిట్ల బదులు మిల్లీగ్రాములు రాయమన్నారు. మంచి పని చేశారు, చాలా ఆలస్యంగా చేశారు.

"ఎలాగూ అంతా లోపల టోకోఫెరాలే అవుతుంది, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని మంచి శాస్త్రవేత్తలే నన్ను అడిగారు. నా జవాబు రెండు సంఘటనలు.

1980ల మొదట్లో నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి నరంలోకి ఎక్కించేలా ఒక విటమిన్ ఇ మందు అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అందులో ఉన్నది ఎసిటేట్, దాన్ని నీళ్లలో కలపడానికి పాలీసోర్బేట్లు. నోటితో ఇచ్చే విటమినే కదా అన్న ధీమాతో కొత్త మందుకి చేయాల్సిన పరీక్షలు, తీసుకోవాల్సిన అనుమతులు లేకుండానే వాడారు. పిల్లలకి కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1984 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకునేసరికి 38 మంది పసివాళ్లు పోయారు. ప్రధానంగా పాలీసోర్బేట్లనే అనుమానించారు. విటమిన్ అనే పేరు చూసి, ఆ పేరు కింద సీసాలో ఇంకేముందో అడగలేదు.

2019లో అమెరికాలో వేపింగ్ చేసే, అంటే ఈ-సిగరెట్ లాంటి పరికరాలతో ఆవిరి పీల్చే యువకులు ఊపిరాడక ఆస్పత్రుల్లో చేరడం మొదలైంది. గంజాయి నూనెని చిక్కగా కనపడేలా చేయడానికి కొందరు అమ్మకందార్లు అందులో ఈ ఎసిటేట్‌నే కలిపారు. చిక్కదనం ఒకటే, రంగు ఒకటే, చూసి చెప్పలేం. ఆ సాగే గుణమే నన్ను పిపెట్ దగ్గర ఇబ్బంది పెట్టింది. అదే అక్కడ కల్తీకి పనికొచ్చింది. 51 మంది రోగుల ఊపిరితిత్తుల్లోంచి కడిగి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో ఎసిటేట్ దొరికింది. పోలిక కోసం చూసిన 99 మంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరిలోనూ లేదు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. ఎసిటేట్‌ని బాగా వేడి చేస్తే కీటీన్ అనే విషవాయువు పుట్టొచ్చని రసాయన శాస్త్రవేత్తలు చూపించారు. పేగులో ఎంజైమ్ నెమ్మదిగా విడగొట్టే భాగమే, వేడికి విషంగా ఊడివస్తుందన్నమాట. తిన్నా ఏం కాదు, రాసుకున్నా పెద్దగా ఏం కాదు కాబట్టి పీల్చినా ఏం కాదనుకున్నారు. దారి మారితే అణువు కథ మారుతుందని ఇంతకన్నా ఎలా చెప్పాలి?

పెద్ద పరీక్షల సంగతి చెప్పకపోతే నా వాదనని నాకు అనుకూలంగా వంచుకున్నట్టే. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన అధ్యయనంలో రోజుకి 50 మిల్లీగ్రాముల డిఎల్ ఎసిటేట్ ఇచ్చారు. ఆ గుంపులో ప్రొస్టేట్ క్యాన్సర్ మూడోవంతు తగ్గింది. దాన్ని చూసి ఉత్తర అమెరికాలో 35,533 మందితో సెలెక్ట్ అనే పరీక్ష మొదలుపెట్టి, రోజుకి 400 యూనిట్ల డిఎల్ ఎసిటేట్ ఇచ్చారు. 2011లో లెక్క చూస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. రెండు చోట్లా రూపం ఒకటే. మోతాదు ఎనిమిదింతలు, మనుషులు వేరు. కాబట్టి రూపం ఒక్కటే తెలిస్తే చాలని నేను అనను. కాలేయంలో కొవ్వు పేరుకున్నవాళ్ల మీద 2010లో వచ్చిన పరీక్షలో మొక్క రూపాన్ని రోజుకి 800 యూనిట్లు ఇస్తే 43 శాతం మందికి కాలేయం మెరుగైంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 19 శాతం. ఈ మూడిటినీ పక్కపక్కన పెట్టి "విటమిన్ ఇ మంచిదా చెడ్డదా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ రూపం, ఎంత, ఎవరికి అని అడిగితే మాట్లాడొచ్చు.

మా లాబ్‌లో ఇప్పుడు ప్రతి సీసా మీద మార్కర్‌తో ఒక వరుస రాస్తాం. డి లేదా డిఎల్, ఎస్టర్ ఉందా లేదా, ఉంటే ఏది, అణుభారం ఎంత, ఎప్పుడు తెరిచాం. టోకోఫెరాల్‌కి 430.7, ఎసిటేట్‌కి 472.7, సక్సినేట్‌కి 530.8. తూకం వేసేటప్పుడు ఈ అంకెలు తారుమారైతే లెక్కలో పదిశాతం నుంచి పాతికశాతం దాకా తేడా వస్తుంది. పరిశోధన పత్రాలు సమీక్షకి వచ్చినప్పుడు కూడా నేను ముందు పద్ధతుల భాగం తెరిచి ఈ వరుస కోసమే వెతుకుతాను. లేకపోతే మొదటి ప్రశ్న అదే రాస్తాను. చిన్న విషయానికి పట్టుబడుతున్నానని ఒకసారి ఒకరు నొచ్చుకున్నారు. నేను వెనక్కి తగ్గలేదు.

ఈమధ్య మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒక పాత పత్రం పట్టుకొచ్చింది. ఫలితం చాలా ఆసక్తిగా ఉంది, తను దాన్ని తిరిగి చేసి చూడాలనుకుంటోంది. పద్ధతుల్లో "కణాలకి 50 మైక్రోమోలార్ విటమిన్ ఇ ఇచ్చాం" అని ఒకటే వాక్యం. ఇద్దరం కూర్చుని ఆ పత్రం రాసినవాళ్లకి మర్యాదగా ఈమెయిల్ పంపాం, ఏ రూపం వాడారో చెప్పమని. వారం తర్వాత జవాబు వచ్చింది. ప్రయోగం చేసిన విద్యార్థి వెళ్లిపోయారట. సీసా ఎప్పుడో అయిపోతే పారేశారట. లేబుల్ మీద విటమిన్ ఇ అని ఉన్నట్టు మాత్రం గుర్తుందట.